కెరటం లేని రోజు ఎర్రజెండా

ఈ మధ్య మా కోనసీమ తీరం నుంచి కుర్రాళ్ళు గల్ఫ్ దేశాలకి లైఫ్‌గార్డు పనికి వెళుతున్నారు. వెళ్ళేముందు ఒకరిద్దరు నా దగ్గరికొచ్చి కూర్చుంటారు. జీతం, గది, తిండి సంగతులు నన్ను అడగరు. అవన్నీ ఫోన్లో ముందే తెలుసుకుని వస్తారు. అడిగేదల్లా ఒక్కటే, నువ్వు ఎంతమందిని కాపాడావు బాబాయ్ అని. ఆ మాట వినగానే నాకు చిర్రెత్తుకొస్తుంది. మునిగిపోయేవాణ్ణి బయటికి లాగానంటే, అంతకుముందు నేను చూడాల్సింది చూడలేదని అర్థం. మా పని బాగా చేసిన రోజు ఒడ్డు మీద ఏమీ జరగదు. జనం వస్తారు, తింటారు, స్నానాలు చేస్తారు, ఇసక దులుపుకుని ఇళ్ళకి పోతారు. అలాంటి రోజుల గురించి గొప్పలు చెప్పుకోవడం కష్టం, అందుకే మా పనివాళ్ళు తమ పని గురించి పెద్దగా మాట్లాడరు.

నేను మాట్లాడదామనుకుంటున్నాను. డెబ్భైల చివర్లో కువైట్ వెళ్ళి, ఎనభైలన్నీ ఫింటాస్‌లో ఒక క్లబ్బు ఒడ్డు మీద గడిపాను. ఆ క్లబ్బు పేరు ఇక్కడ అనవసరం. ఎన్ని మెడల్స్ ఇచ్చారు, ఎప్పుడు సీనియర్‌ని చేశారు లాంటివి కూడా అనవసరం. ఒక సముద్రం ఏడాది పొడుగునా ఎన్ని ముఖాలు మారుస్తుందో, ఆ ముఖాలు చదవడం నాకు ఎవరు నేర్పారో, అంతవరకే చెబుతాను.

తూర్పుకి తిరిగిన ఒడ్డు

మా ఊళ్ళోనూ సముద్రం తూర్పునే ఉంటుంది. ఫింటాస్‌లో మొదటి రోజు పొద్దున్నే నీళ్ళలోంచి సూర్యుడు లేవడం చూసి, ఇది మన సముద్రమే, నాకు కొత్తగా నేర్చుకునేదేముంటుంది అనుకున్నాను. నేను వేటకెళ్ళే ఇంట్లో పుట్టినవాణ్ణి. నడక వచ్చినప్పుడే ఈత వచ్చింది. కెరటం ఎక్కడ విరుగుతుందో, దాన్ని ఏ వాలులో దాటాలో మా నాన్న నాకు చెప్పలేదు, ఆయన వెనకాల నావలో కూర్చుంటే అదే వచ్చేసింది. ఆ గర్వంతో చాలాకాలం ఆ కొత్త ఒడ్డు మీద కాలర్ ఎగరేసుకుని తిరిగాను.

నా గర్వాన్ని మొదటి వారంలోనే పసిగట్టినవాడు బూ యూసఫ్. ఆయన ఒడ్డు మీద పనిచేసేవాళ్ళందరికీ పెద్ద. ఆ దేశంలో చమురు పడకముందు పుట్టిన కువైటీ. చిన్నతనంలో ముత్యాల పడవల మీద పనిచేశాడు, తర్వాత ఖర్జూరాల పడవల్లో బొంబాయి దాకా తిరిగాడు. అందుకే ఆయనకి హిందీ వచ్చు. క్రియ ఎక్కడ పెట్టాలో తెలియని హిందీ, కానీ మాకు బాగా అర్థమయ్యేది. ముత్యాల పడవలో ఆయన మునిగేవాడు కాదట, సీబ్‌గా ఉండేవాడట. సీబ్ అంటే పడవ అంచున తాడు పట్టుకుని, అడుగున ఉన్నవాణ్ణి సమయానికి పైకి లాగే మనిషి. అందరూ మునిగేవాణ్ణి గొప్పవాడంటారు, వాడు బతికి పైకొచ్చేది మాత్రం సీబ్ కళ్ళు పెట్టుకుని చూస్తుంటేనే అనేవాడు. నాకు గజఈతగాళ్ళు అక్కర్లేదు, సీబ్‌లు కావాలి అని కొత్తగా చేరిన ప్రతివాడికీ చెప్పేవాడు.

ఆయన మమ్మల్ని నీళ్ళలోకి దింపేముందు కొన్ని వారాలు ఊరికే కుర్చీ మీద కూర్చోబెట్టాడు. సాయంత్రం వచ్చి, ఈ రోజు ఏం చూశావు అని అడిగేవాడు. ఏమీ లేదు అంటే మళ్ళీ మర్నాడు కూర్చోబెట్టేవాడు. నేను లోపల్లోపల తిట్టుకునేవాణ్ణి. ఇప్పుడు ఆ రోజులు తలచుకుంటే ఆ ముసలాయనకి చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది.

చలికాలపు కెరటాలు

కువైట్ అంటే ఎండ అనుకునేవాళ్ళు అక్కడి జనవరి చూడాలి. నీళ్ళలో కాలు పెడితే ఎముక దాకా లాగుతుంది. కొన్ని రోజులు పొద్దున్నే పొగమంచు దిగి, నీళ్ళు ఎక్కడ మొదలయ్యాయో కూడా తెలిసేది కాదు. అప్పుడు ఒడ్డుకి వచ్చేది ఇంగ్లీషువాళ్ళూ, పట్టుదల ఉన్న ఒకరిద్దరు కువైటీ ముసలివాళ్ళూ మాత్రమే.

ఆ చలికాలంలోనే కౌస్ అనే గాలి వస్తుంది. ఆగ్నేయం నుంచి, అంటే సముద్రం మీంచి ఒడ్డు మీదకి కొడుతుంది. మబ్బు పడుతుంది, ఒళ్ళు జిగటగా ఉంటుంది, రెండో రోజుకల్లా కెరటాలు లేస్తాయి. మా బంగాళాఖాతం కెరటాలతో పోలిస్తే అవి పిల్ల కెరటాలే, కానీ అక్కడివాళ్ళకి అదే పెద్ద వింత. కార్లు ఆపి చూసేవారు. నాకు మాత్రం ఆ రోజుల్లో ఊరు వెళ్ళినట్టుండేది. జీతమిచ్చి మరీ కెరటాల్లో ఆడుకోమన్నారని మురిసిపోయేవాణ్ణి. తెల్లటి నురగ కనబడగానే ఎర్రజెండా ఎత్తేవాళ్ళం, జనం మారుమాట లేకుండా ఒడ్డునే ఉండేవాళ్ళు.

బూ యూసఫ్ ఒకసారి ఆ జెండా వైపు చూసి, ఈ గాలికి జెండా ఎత్తడం పెద్ద తెలివేం కాదు అన్నాడు. కౌస్ మనిషిని భయపెడుతుంది, కొడుతుంది, ఉప్పునీళ్ళు తాగిస్తుంది, కానీ చివరికి ఇంటివైపే తోస్తుంది అని చెప్పాడు. వింటూ తలూపాను. ఆ మాటలో మిగతా సగం ఏమిటో అప్పుడు అడగలేదు.

సరాయాత్

ఏప్రిల్, మే నెలల్లో వచ్చే ఉరుముల వానల్ని సరాయాత్ అంటారు. కొత్తగా వెళ్ళేవాళ్ళు దీన్ని బాగా గుర్తుపెట్టుకోవాలి. పొద్దుటి నుంచీ హాయిగా ఉంటుంది. ఎడారిలో గడ్డి మొలిచి, జనం గుడారాలు వేసుకుని తిరిగే కాలం. మధ్యాహ్నం దాటాక పడమట గోధుమరంగు గోడ ఒకటి లేస్తుంది. అది కనిపించాక పరిగెత్తడానికి పెద్దగా వ్యవధి ఉండదు. దుమ్ము, వెనకే గాలి, దాని వెనక వాన, ఒక్కోసారి వడగళ్ళు. నీళ్ళు ఎటుపడితే అటు లేస్తాయి. కాసేపట్లో మళ్ళీ ఏమీ ఎరగనట్టు ఎండ కాస్తుంది.

బూ యూసఫ్ పడమటి వైపు చూసేవాడే కాదు. ఒడ్డున వాలే పక్షుల్ని చూసేవాడు. అవి అన్నీ ఒకేవైపు ముక్కులు తిప్పి నేలకి అతుక్కున్నాయంటే విజిల్ వేసి జనాన్ని లేపేవాడు. జనం గొణుక్కుంటూ బయటికొచ్చి, తుండ్లు సర్దుకునేలోగా దుమ్ము వచ్చేసేది. నేను ఎంత ప్రయత్నించినా ఆ పక్షుల్ని ఆయనలా చదవలేకపోయాను. కొన్ని విద్యలు చూసి ఆనందించడానికే, మనకి పట్టుబడవు.

బావిలో ఈత నేర్చినవాడు

మస్తాన్ వలీ మా ఒడ్డుకి వచ్చింది తోటపనికి. రాయచోటి దగ్గర పల్లె. కువైట్ విమానం దిగేదాకా సముద్రం చూడలేదు. క్లబ్బులో పూలమొక్కలకి నీళ్ళు పట్టడం, రాలిన ఆకులు ఊడ్చడం అతని పని. ఒకరోజు ఈతకొలనులో ఎవరిదో ఉంగరం పడిపోతే, మేమంతా అద్దాలు తగిలించుకుని వెతుకుతుంటే, ఇతను పైపు పక్కన పడేసి దూకాడు. అడుగున అంత సేపు ఉంటే మనిషికి ఏమైందోనని నేను కూడా దూకబోయాను. ఉంగరం పళ్ళ మధ్య పెట్టుకుని పైకొచ్చాడు. చిన్నప్పుడు నడుముకి మునగబెండ్లు కట్టుకుని దిగుడుబావిలో ఈత నేర్చాడట. పడిపోయిన చేదలు తీయడం వాళ్ళ ఊళ్ళో ఇతని బాధ్యతట.

బూ యూసఫ్ అతన్ని తోటలోంచి తీసి ఒడ్డు మీద వేశాడు. నాకు నవ్వొచ్చింది. బావిలో గోడ పట్టుకుని ఈదేవాడు సముద్రంలో ఏం చేస్తాడని గదిలో అందరి ముందూ ఆటపట్టించాను. మస్తాన్ నవ్వేసి ఊరుకునేవాడు. శుక్రవారం నమాజు, డ్యూటీ లేని రోజు బ్నీద్ అల్ గార్‌లో మన వాళ్ళ దగ్గర ఇంత చింతపండు పులుసు, అంతకుమించి అతనికి సరదాలు లేవు. ఊళ్ళో వరుసగా వానలు లేక బావి ఎండిపోయింది. అమ్మ, భార్య, అన్న పిల్లలు అందరూ ఇతని మీదే ఆధారం. సర్టిఫికెట్ లేదు, చదువు లేదు, బూ యూసఫ్ మాట మీద నిలబడ్డ ఉద్యోగం. ఆ మాట పోయిన రోజు తన ఇఖామా, అంటే ఆ దేశంలో ఉండనిచ్చే కాగితం, కూడా పోతుందని, తిరిగెళ్ళి చేయడానికి అక్కడ సేద్యం కూడా లేదని అతనికి బాగా తెలుసు.

ఈదడంలో నేను అతనికి చాలా నేర్పాను. కెరటం కింద నుంచి దూరడం, మునిగేవాడికి వెనక నుంచి చేయి వేయడం, వాడు మెడ పట్టుకుంటే విడిపించుకోవడం. ఏది చెప్పినా బడిపిల్లాడిలా చేసేవాడు. ఒక్క విషయంలో మాత్రం అతను నా శిష్యుడు కాదు. డ్యూటీ ఎక్కగానే నేను నీళ్ళవైపు చూసేవాణ్ణి. అతను పొడి ఇసక గుప్పెడు తీసి, వేళ్ళ సందుల్లోంచి వదిలి, అది ఎటు పోతుందో చూసేవాడు.

సుహైల్ వచ్చేదాకా

జూన్, జులై సంగతి కావాలనే వెనక్కి పెడుతున్నాను. ముందు ఆగస్టు చెప్పేస్తాను. ఆగస్టులో గాలి ఆగిపోతుంది. తేమకి చొక్కా ఒంటికి అతుక్కుంటుంది. సముద్రం వేడి చేసి చల్లార్చిన నూనెలా కదలకుండా పడుంటుంది, నీళ్ళలోకి దిగినా చల్లదనం ఉండదు. అప్పుడు వచ్చేవి జెల్లీచేపలు. నీళ్ళు వెనక్కి తీసినప్పుడు బురద మీద గుట్టలుగా మిగిలిపోయేవి. పిల్లల కాళ్ళకి వెనిగర్ రాయడమే మా పని. ఆ నెలలో జనం బాగా చిరాకుగా ఉంటారు, మనం నోరు మంచిగా పెట్టుకోవాలి.

నెలాఖరుకి తెల్లవారుజామున దక్షిణాన సుహైల్ అనే చుక్క పొడుస్తుంది. అది కనిపించిందంటే ఇక వేడి తగ్గుముఖమని అక్కడి పాతవాళ్ళ నమ్మకం. బూ యూసఫ్ ఆ రోజు అందరికీ ఏలకులు వేసిన గావా, వాళ్ళ కాఫీ, పోసేవాడు. అక్టోబరు, నవంబరు నెలల్లో ఆ ఒడ్డంత అందమైనది నేను ఎక్కడా చూడలేదు. నీళ్ళు తేటగా, లోపల నడిచే పీతలు కనబడేంతగా ఉండేవి. ఆ రెండు నెలలూ నేను మా ఊరి సముద్రాన్ని కూడా మరిచిపోయేవాణ్ణి, ఒట్టు.

షమాల్

ఇప్పుడు జూన్. వాయవ్యం నుంచి, అంటే ఎడారి మీంచి వచ్చే గాలిని షమాల్ అంటారు. ఎండాకాలం మొదట్లో రోజుల తరబడి వీస్తుంది. ఊళ్ళో కళ్ళు తెరవలేం, దుమ్ము. మన ఒడ్డు తూర్పుకి తిరిగి ఉంది కాబట్టి ఆ గాలి మన వీపు మీద కొట్టి, సముద్రంలోకి పోతుంది. దానివల్ల ఏమవుతుందంటే, ఒడ్డు దగ్గర కెరటమే ఉండదు. నీళ్ళు చదునుగా, చిన్న చిన్న ముడతలతో మెరుస్తుంటాయి. దుమ్ముతో విసిగిపోయిన జనానికి ఆ నీళ్ళు చూస్తే ప్రాణం లేచొస్తుంది. నాకూ అంతే. పుట్టి బుద్ధెరిగాక నేను నేర్చిందల్లా కెరటం ఉంటే ప్రమాదం, కెరటం లేకపోతే పండగ అని. నా కళ్ళు కెరటాన్ని వెతికేవి. అది లేకపోతే నిశ్చింతగా ఉండేవి.

ఒక షమాల్ రోజు మిర్కాబ్‌లో ఆఫీసులో పనిచేసే ఇద్దరు గుమాస్తాలు గాలి ఊదిన పరుపు ఒకటి తెచ్చుకుని నీళ్ళలో పడుకున్నారు. నేనే కేరింతలు కొట్టండని చేయి ఊపాను. పక్కన మస్తాన్ లేచి నిలబడ్డాడు.

“నీళ్ళు చూడాకు రాజన్నా, గాలి చూడు. కళ్ళంలో తూర్పారబట్టినట్టుండాది. గింజ కాళ్ళకాడ పడతాది, పొల్లు ఎళ్ళిపోతాది. వాళ్ళు పొల్లు మాదిరి పోతాండారు.”

నాకు మొదట అర్థం కాలేదు. చూస్తే ఆ పరుపు అప్పటికే మేం ఈతకి హద్దుగా నీళ్ళ మీద కట్టిన బుడగలు దాటిపోయింది. వాళ్ళు చేతులతో నీళ్ళు తోసుకుంటున్నారు, అయినా చిన్నవైపోతున్నారు. అరుస్తున్నారేమో కూడా తెలియదు, గాలి మా వైపు నుంచి పోతోంది కాబట్టి వాళ్ళ గొంతు మా దాకా రాదు. ఒడ్డు నుంచి దూరం పోయేకొద్దీ కెరటం కూడా మొదలవుతుంది, ఒడ్డున ఉన్నవాళ్ళకి అది కనిపించదు. మోటారు పడవ వేసుకుని వెళ్ళి ఇద్దర్నీ తెచ్చాం.

బూ యూసఫ్ కోప్పడలేదు. అప్పుడు చెప్పాడు ఆ మిగతా సగం. కౌస్ కొట్టి ఇంటికి తోస్తుంది, షమాల్ బుజ్జగించి బయటికి తీసుకుపోతుంది అని. ఆ మర్నాటి నుంచి షమాల్ గట్టిగా ఉన్న రోజు, కెరటం ఉన్నా లేకపోయినా ఎర్రజెండా ఎత్తాలని నియమం పెట్టాడు. ఆ రోజు ఎత్తాలా వద్దా అనేది మస్తాన్ చెప్పాలన్నాడు. సముద్రం పక్కన పుట్టిన నాకు కాకుండా, మెట్ట పొలంలో పుట్టినవాడికి ఆ పని అప్పగించినందుకు ఒక పూట ముఖం మాడ్చుకున్నాను. రెండో పూటకి అదే న్యాయమనిపించింది. నాకు సముద్రం గురించి ఎక్కువ తెలుసు, అదే నాకు అడ్డం. అతనికి ముందే తెలిసినదేమీ లేదు కాబట్టి ఉన్నది ఉన్నట్టు చూశాడు. ఆ తర్వాత అంత శ్రద్ధగా పనిచేసినవాణ్ణి నేను మళ్ళీ చూడలేదు, ఈ మాట అతని ముందు ఒక్కసారి కూడా అనలేదు.

ఆ శుక్రవారం

బూ యూసఫ్ మోకాళ్ళు పట్టేసి పని మానేశాడు. అప్పటికి కొత్త మేనేజర్ వచ్చి కొన్ని నెలలైంది. ఆయన పేరు నబీల్, అలెగ్జాండ్రియాలో పుట్టినవాడు. చెడ్డవాడు కాదు. ఎప్పుడూ ఇస్త్రీ ప్యాంటూ, మెరిసే బూట్లూ. మధ్యధరా సముద్రంలో ఈదిన కబుర్లు చెబుతుండేవాడు, నిజంగానే బాగా ఈదేవాడు. ఆయన కళ్ళు కూడా నా కళ్ళలాంటివే, కెరటాన్నే వెతుకుతాయి. సముద్రం పళ్ళెంలా ఉన్న రోజు ఎర్రజెండా ఏమిటని ముందు నుంచీ విసుక్కునేవాడు. క్లబ్బు సభ్యులు కూడా రోజూ ఫిర్యాదులు చేసేవారు. ఎండలో ఊరి నుంచి పిల్లల్ని వేసుకొస్తే నీళ్ళలోకి దిగనివ్వరేం అని.

ఆ జూన్‌లో ఒక శుక్రవారం, క్లబ్బు క్రిక్కిరిసి ఉంది. పొద్దుటి నుంచే షమాల్. మస్తాన్ ఇసక వదిలి చూసి ఎర్రజెండా ఎత్తాడు. నమాజు తర్వాత నబీల్ గారు భార్యనీ, ఐదారేళ్ళ కూతురినీ తీసుకుని ఒడ్డుకి వచ్చాడు. పాపకి రీమ్ అని పేరు. చేతిలో గాలి ఊదిన పసుపు బాతు. అప్పటికే సభ్యులు ఆయన్ని చుట్టుముట్టి రెండు మూడు భాషల్లో దులిపేస్తున్నారు. ఆయన నేరుగా జెండా కర్ర దగ్గరికి వచ్చి, దించండి అన్నాడు.

నాకు ధైర్యం చాల్లేదు. మస్తాన్ ఇఖామా ఆ నెలలోనే కొత్తది చేయించాలి. పాస్‌పోర్టు ఆయన డ్రాయర్లోనే ఉంది. నేను మస్తాన్‌ని పక్కకి లాగి, “ఒరే తమ్ముడూ, ఆయనతో మనకెందుకురా గొడవ. దించేద్దాం, ఇద్దరం నీళ్ళలోనే ఉండి జనాన్ని కాసుకుందాం” అన్నాను. ఇద్దరం అంతమందిని కాసుకోలేమని నాకూ తెలుసు. అతను కర్రకి వీపు ఆనించి నిలబడ్డాడు.

నబీల్ గారికి కోపం వచ్చింది. అందరి ముందు తోటమాలి ఒకడు తన మాట కాదనడమేమిటని. నాతో అరబ్బీలో అన్నాడు, దించకపోతే శనివారం పొద్దున్న ఆఫీసుకి వచ్చి పాస్‌పోర్టు తీసుకోమను, ఖలాస్ అని. నేను ఆ మాట తెలుగులో చెప్పడానికి ఇబ్బంది పడ్డాను. ఖలాస్ అన్నది మస్తాన్‌కి నేను చెప్పక్కర్లేకుండానే అర్థమైంది. అతని ముఖం పాలిపోయింది. ఇసకలోకి చూస్తూ నాతో అన్నాడు.

“ఆయప్పకు చెప్పన్నా. శనివారం నన్ను పంపించెయ్యమను, పోతా. ఈ పొద్దు మాత్రం జెండా దించొద్దని చెప్పు.”

నాకొచ్చిన అరబ్బీలో అదే చెప్పాను. ఒక్క మాట కూడా తగ్గించలేదు, మెత్తగా చేయలేదు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను చేసిన పనుల్లో అది ఒకటి నాకు గర్వం. తాడు అందుకోవడానికి నబీల్ గారే ముందుకి వంగాడు.

అప్పుడే రీమ్ కేక వేసింది. పాప నీళ్ళలో కాలు కూడా పెట్టలేదు, తడి ఇసకలో కూర్చుని ఆడుకుంటోంది. చేతిలోంచి బాతు జారి నీళ్ళ మీద పడింది. పడిన చోటే ఉండాల్సింది. ఎవరో దారం కట్టి లాగుతున్నట్టు నీళ్ళ మీద జర్రున పోతోంది. పాప తండ్రి దగ్గరికి పరిగెత్తి ప్యాంటు పట్టుకుని గుంజింది. మా బాబా బాగా ఈదుతాడు, మా బాబా తెస్తాడు అని పక్కవాళ్ళకి చెబుతోంది.

ఆయన బూట్లు విప్పి, ప్యాంటు మడవకుండానే దిగాడు. ఇంత చదును నీళ్ళలో అదెంత పని. జనమంతా చూస్తున్నారు. మోకాలి లోతు, నడుం లోతు దాకా చకచకా నడిచాడు. నేను పడవ తాడు విప్పాను. మస్తాన్ అప్పటికే నీళ్ళలో ఆయనకి కొంచెం వెనకగా, కొంచెం పక్కగా నిలబడ్డాడు. ఆయన్ని ఆపలేదు. నడుం లోతులో నబీల్ గారు ఈదడానికి చేతులు ముందుకి చాచి, తలెత్తి బాతు ఎక్కడుందో చూశాడు. అది హద్దు బుడగలు దాటి, ఒకసారి పల్టీ కొట్టి, మళ్ళీ లేచి పోతోంది. కాసేపటికి పసుపు రంగు కూడా తెలియడం లేదు. ఆయన చేతులు అలాగే ఉండిపోయాయి. గాలి ఆయన చొక్కాని వెనక నుంచి ఉబ్బించి ముందుకి తోస్తోంది. అది ఆయనకి అప్పుడు తెలిసిందనుకుంటాను.

అక్కడి నుంచి ఈదుకుంటూ పోవడం ఆయనకి తేలిక. బాగా ఈదగలిగినవాడు, కూతురు చూస్తోంది, క్లబ్బంతా చూస్తోంది, కాసేపటి క్రితమే ఇందులో ఏముందని అన్నవాడు. అలాంటి మనిషి వెనక్కి తిరగడం నేను అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. ఆయన వెనక్కి తిరిగాడు. మెల్లగా నడుచుకుంటూ ఒడ్డుకి వచ్చి, ఏడుస్తున్న పిల్లని ఎత్తుకుని, అది పోయింది తల్లీ, బాబా వల్ల కాదు అని అందరికీ వినబడేలా చెప్పాడు.

తర్వాత జెండా కర్ర దగ్గరికి వచ్చి నావైపు చూసి, “ఖల్లీ” అన్నాడు. ఉండనీ అని.

సభ్యుల్లో ఒకాయన ఇంకా సణుగుతుంటే నబీల్ గారు పిల్లని భార్య చేతికిచ్చి వచ్చాడు. ఆ సాయంత్రం దాకా తడిసిన ప్యాంటుతో, ఒట్టి కాళ్ళతో ఆ జెండా కింద నిలబడి, నీళ్ళలోకి దిగబోయిన ప్రతి ఒక్కరినీ తనే ఆపాడు. నన్నూ మస్తాన్‌నీ కుర్చీల మీద కూర్చుని చూడమన్నాడు.

శనివారం పొద్దున్న మస్తాన్ మామూలుగా డ్యూటీకి వచ్చాడు.